సలహాకు ‘సి’, సలహా ఇవ్వడానికి ‘ఎస్’: తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఇంగ్లీషు జంటపదాల చరిత్ర

హైదరాబాదు తూర్పు భాగంలో తార్నాక కూడలి నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రింగు రోడ్డు దాకా వరంగల్ రహదారి సాగుతుంది. హబ్సిగూడ దగ్గర ఎడమకు చీలిన దారి నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లోకి పోతుంది. ఈ రెండు దారుల చుట్టూ గడిచిన వందేళ్లలో ఇంగ్లీషు ముందు విశ్వవిద్యాలయంలో ఒక పాఠ్యాంశంగా అడుగుపెట్టి, ఆ తరువాత శిక్షణ సంస్థలో పరిశోధనాంశమై, కర్మాగారాల్లో అనుమతి పత్రాల భాషగా స్థిరపడి, చివరకు వేలమందికి జీవనోపాధిగా మారింది. ఈ నాలుగు దశల్లోనూ అభ్యాసకులను ఒకే తీరున ఇబ్బంది పెట్టిన చిన్న అంశం ఒకటుంది. సలహా అనే అర్థంలో నామవాచకమైన ‘అడ్వైస్’కూ, సలహా ఇవ్వడం అనే అర్థంలో క్రియ అయిన ‘అడ్వైజ్’కూ మధ్య ఉన్నటువంటి తేడాను గుర్తించడమే ఆ అంశం. ప్రాక్టీస్, లైసెన్స్, ఎఫెక్ట్, బ్రెత్, లాస్, ప్రూఫ్ వంటి అనేక పదాలకు ఇటువంటి క్రియారూపపు జంట ఉంది. ఈ పొరపాట్లను అజ్ఞానానికో, అశ్రద్ధకో ఆపాదించడం ఉపాధ్యాయుల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. అయితే ఇంగ్లీషు, తెలుగు భాషల చరిత్రలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఈ పొరపాట్లకు వెనుక రెండు భాషల నిర్మాణంలోనే ఉన్న గట్టి కారణాలు బయటపడతాయి.

ఇంగ్లీషు సంగతి ముందుగా చూడాలి. సుమారు వెయ్యేళ్ల కిందటి ప్రాచీన ఇంగ్లీషులో ‘ఫ’, ‘స’, ‘థ’ వంటి ఊష్మధ్వనులు, అంటే నోటిలోంచి గాలి ఒరుసుకుంటూ వెలువడే ధ్వనులు, రెండు అచ్చుల మధ్య పడినప్పుడు కంఠనాదాన్ని కలుపుకొని ‘వ’, ‘జ’ వంటి నాదధ్వనులుగా మారేవి. ఇల్లు అనే అర్థమున్న ‘హూస్’ అనే నామవాచకం చివర అచ్చు లేదు కాబట్టి అందులోని సకారం మారలేదు. ఇంట్లో ఉంచడమనే అర్థమున్న ‘హూసియన్’ అనే క్రియలో సకారం తరువాత అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం వచ్చింది కాబట్టి ఆ సకారం జకారంలా పలికింది. కొన్ని శతాబ్దాలకు ఆ ప్రత్యయం రాలిపోయినా, దాని మూలంగా పుట్టిన నాదం మాత్రం క్రియలో నిలిచిపోయింది. అందువల్లనే నేటికీ ‘హౌస్’ అనే నామవాచకానికి క్రియ ‘హౌజ్’ అని పలుకుతుంది, గడ్డికి ‘గ్రాస్’ అనీ గడ్డి మేయడానికి ‘గ్రేజ్’ అనీ వ్యవహారం ఏర్పడింది, సగానికి ‘హాఫ్’ అనీ సగం చేయడానికి ‘హావ్’ అనీ రూపాలు నిలిచాయి. నామవాచకం చివర కంఠనాదం లేని శ్వాసధ్వని, క్రియ చివర నాదధ్వని అనే ఈ పద్ధతి జనం చెవికి ఎంతగా పట్టిందంటే, తరువాతి కాలంలో వేరే దారుల్లో వచ్చిన పదాలు కూడా దీనికే లోబడ్డాయి. నమ్మకానికి ‘బిలీఫ్’, నమ్మడానికి ‘బిలీవ్’ అన్న జంట అటువంటిదే.

‘అడ్వైస్’ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. మొదట్లో ఎస్ అక్షరంతోనే రాసిన ఈ నామవాచకానికి, చివరి ధ్వని సకారమేనని స్పష్టం చేయడం కోసం తరువాత సి అక్షరం స్థిరపడింది. క్రియకు పాత ఎస్ అలాగే ఉండిపోయింది. ఇంతవరకు రాతలో తేడా ఉన్నచోట ఉచ్చారణలోనూ తేడా ఉంది కాబట్టి, చెవితో విన్నవాడు చేత్తో తప్పు రాయనక్కరలేదు. చిక్కంతా ఆ తరువాత వచ్చింది. ఈ నమూనానే అనుసరించి ‘ప్రాక్టీస్’, ‘లైసెన్స్’ పదాలకు కూడా నామవాచకమైతే సి, క్రియ అయితే ఎస్ అనే నియమాన్ని బ్రిటిష్ రచనా సంప్రదాయం ఏర్పరచుకుంది, అయితే ఈ రెండు పదాల్లోనూ ఉచ్చారణ ఒక్కటే. అమెరికా సంప్రదాయం ఈ నియమాన్ని వదిలిపెట్టి, ‘ప్రాక్టీస్’ను రెండు అర్థాల్లోనూ సి అక్షరంతో, ‘లైసెన్స్’ను రెండు అర్థాల్లోనూ ఎస్ అక్షరంతో రాస్తుంది. ఒకే దారిలో పోతున్నట్టు కనిపించే ఈ రెండు పదాలను అమెరికన్లు చెరోవైపుకు తిప్పడం వల్ల, రెండు సంప్రదాయాల మధ్య పనిచేయవలసిన వారికి శ్రమ రెట్టింపయింది.

తెలుగు పాఠకుడికి ఆశ్చర్యం కలిగించవలసిన విషయం ఏమిటంటే, ఇంగ్లీషులోని శ్వాస–నాద భేదం వంటిదే తెలుగులోనూ ఉంది. తెలుగు వ్యాకరణం కచటతపలను పరుషాలనీ, గజడదబలను సరళాలనీ అంటుంది. ‘ఆడు’ అనే క్రియలో డకారం సరళం, ‘ఆట’ అనే నామవాచకంలో టకారం పరుషం. ‘పాడు–పాట’, ‘ఓడు–ఓటమి’, ‘కూడు–కూటమి’ కూడా ఇదే తీరు. మూలద్రావిడ భాషలో ఒంటి టకారం రెండు అచ్చుల మధ్య పడినప్పుడు సరళంగా మారింది. క్రియ నుంచి నామవాచకాన్ని కల్పించేటప్పుడు ఆ టకారాన్ని ద్విత్వం చేయడం వల్ల, జంట హల్లు మెత్తబడక పరుషంగానే నిలిచింది. తమిళంలో నేటికీ ‘ఆట్టం’, ‘పాట్టు’ అనే రూపాల్లో ఆ ద్విత్వం వినిపిస్తుంది. తెలుగులో దీర్ఘాచ్చు తరువాత అది ఒంటి టకారమైంది. రెండు అచ్చుల మధ్య హల్లు మెత్తబడటమనే ఒకే శారీరక కారణం, ఒకదానికొకటి సంబంధం లేని రెండు భాషా కుటుంబాల్లో, నామవాచకానికి గట్టి ధ్వనినీ క్రియకు మెత్తని ధ్వనినీ మిగిల్చింది. తెలుగు ధాతువుల చరిత్రను శాస్త్రీయంగా పరిశీలించిన భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథం 1961లో వెలువడింది. ఆయన భాషాశాస్త్రం బోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తార్నాకను ఆనుకునే ఉంది. అయినా ‘ఆడు–ఆట’లను చూపించి ‘అడ్వైజ్–అడ్వైస్’ను బోధించే పద్ధతి తెలుగువారి ఇంగ్లీషు తరగతుల్లో వేళ్లూనుకోలేదు. మాతృభాషను దూరంగా ఉంచితేనే పరాయిభాష పట్టుబడుతుందన్న నమ్మకం ఇందుకు చాలావరకు కారణం, ఆ నమ్మకం వల్ల ఒక మంచి సాధనం చేజారింది.

భేదం తెలుగులోనే ఉన్నప్పుడు తడబాటు ఎక్కడ పుడుతున్నట్టు? వ్యవహారంలో తెలుగు వాక్యం ఇంగ్లీషు పదాన్ని చేర్చుకునే తీరులోనే దానికి సమాధానం దొరుకుతుంది. తెలుగు వాక్యంలోకి వచ్చిన ఇంగ్లీషు పదం క్రియగా పనిచేయదు. ‘చేయు’, ‘అవు’, ‘ఇచ్చు’, ‘పడు’ వంటి తెలుగు క్రియలు దాని పక్కన నిలబడి కాలాన్నీ, పురుషనూ, వచనాన్నీ మోస్తాయి. ‘డాక్టరు అడ్వైజ్ చేశాడు’, ‘డాక్టరు అడ్వైస్ ఇచ్చాడు’ అనే రెండు వాక్యాల్లోనూ క్రియ తెలుగుదే. ‘సెలెక్ట్ అయ్యాడు’, ‘సెలెక్షన్ అయింది’, ‘లాస్ అయ్యాడు’, ‘లాస్ వచ్చింది’ అన్నప్పుడూ అంతే. ఇంగ్లీషు పదం నామవాచకమా, క్రియా అన్న ప్రశ్న ఈ వాక్యాల్లో పుట్టనే పుట్టదు, కాబట్టి చిన్ననాటి నుంచి ఈ పదాలను తెలుగు వాక్యాల్లోనే విన్నవారికి ఆ భేదం అవసరంగా తోచదు. దీనికి తోడు తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి, ‘లైసెన్సు’, ‘ప్రాక్టీసు’, ‘లాసు’ అని చివర ఉకారం చేరుతుంది. ఇంగ్లీషులో భేదమంతా పదాంతంలోని హల్లు మీదే ఆధారపడి ఉండగా, సరిగ్గా ఆ చోటే తెలుగు నోటికి అలవాటు తక్కువ.

ఈ విషయంలో హైదరాబాదుకు ఒక సౌలభ్యం ఉంది. ఉర్దూ వల్ల ఇంగ్లీషు ‘జెడ్’ ధ్వని ఇక్కడి వారికి కొత్తది కాదు. ‘జర ఆగు’ అనే తెలంగాణ పలుకుబడిలోని తొలి హల్లు, ‘జొన్న’, ‘జాడ’ వంటి తెలుగు మాటల్లోని దంత్య జకారం ఆ ధ్వనికి బాగా దగ్గర. ఉప్పల్ బస్సులో రోజుకు పదిసార్లు వినిపించే ‘జర’లోని జకారాన్ని పదం మొదటి నుంచి చివరకు జరపడమొక్కటే ఇక్కడి విద్యార్థి నేర్చుకోవలసింది.

ఇక ఈ ప్రాంతంలో ఇంగ్లీషు బోధన సంగతి. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా తీసుకుని, ఇంగ్లీషును అందరూ చదవవలసిన పాఠ్యాంశంగా ఉంచింది. నగరానికి తూర్పున అడిక్‌మెట్ ప్రాంతంలో విశాలమైన ఆవరణ రూపుదిద్దుకొని, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమయ్యే నాటికి ఉప్పల్, నాచారం పల్లెలే. దేశమంతటా ఆ తరానికి ఇంగ్లీషు వ్యాకరణమంటే నెస్‌ఫీల్డ్ పుస్తకమూ, ఆ తరువాత రెన్, మార్టిన్‌లు కలిసి రాసిన పాఠశాల వ్యాకరణమూ. పదాన్ని భాషాభాగాలుగా విడదీయడం, నిర్వచనాన్ని కంఠస్థం చేయడం, తప్పు వాక్యాన్ని దిద్దడం వాటి పద్ధతి. గణితమూ చరిత్రా ఉర్దూలో చదివి ఇంగ్లీషును రాతపరీక్ష కోసం నేర్చుకున్న విద్యార్థికి ఈ పద్ధతి సరిపోయింది. సి, ఎస్ అక్షరాల తేడాను అతడు కంటితో గుర్తుంచుకున్నాడు, నోటితో పలికే అవసరం అరుదుగా వచ్చేది. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత విశ్వవిద్యాలయం ఇంగ్లీషు మాధ్యమానికి మారడంతో, అధ్యాపకుడి నోట ఇంగ్లీషు వినవలసిన అవసరం మొదటిసారిగా అన్ని తరగతుల్లోకీ ప్రవేశించింది.

పదేళ్లు తిరిగేసరికి, 1958లో, ఉస్మానియా ఆవరణను ఆనుకొని కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వం పూనుకోగా, ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ సహాయం చేసిన ఈ సంస్థకు దేశంలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణనివ్వడం ముఖ్య కర్తవ్యం. ప్రసిద్ధ కన్నడ కవి వినాయక కృష్ణ గోకాక్ తొలి సంవత్సరాల్లో దీనికి సంచాలకుడిగా పనిచేశారు. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సంస్థ పేరు మారింది, 2007లో పార్లమెంటు చట్టంతో ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. హైదరాబాదులో చాలామంది నేటికీ దీన్ని పాత పొడి అక్షరాల పేరుతో ‘సీఫెల్’ అనే పిలుస్తారు.

ఈ సంస్థలో జరిగిన పనుల్లో ప్రస్తుత విషయానికి అన్నిటికంటే దగ్గరైనది ఆర్.కె. బన్సల్ పరిశోధన. భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాల శ్రోతలకు ఎంతవరకు అర్థమవుతుందో కొలిచి చూసిన ఆయన గ్రంథాన్ని సంస్థ 1969లో ప్రచురించింది. శ్రోతకు మాట అందకపోవడానికి ఆయన గుర్తించిన ప్రధాన కారణాల్లో ఒకటి ఊనిక తప్పిపోవడం. పదంలోని అక్షరాల్లో ఒకదాన్ని మిగిలినవాటి కంటే బలంగా పలకడాన్ని ఊనిక అంటారు. తెలుగులో దీని వల్ల అర్థం మారదు, ఇంగ్లీషులో మాత్రం నామవాచకాన్నీ క్రియనూ విడదీసే పని కూడా ఇదే చేస్తుంది. ‘రికార్డ్’, ‘పర్మిట్’, ‘ఇంపోర్ట్’, ‘కాంట్రాక్ట్’ వంటి పదాల్లో తొలి అక్షరం మీద ఊనిక పడితే నామవాచకం, రెండో అక్షరం మీద పడితే క్రియ. 1570 నాటి ఒక ఇంగ్లీషు నిఘంటువులో ఇటువంటి జంటలు మూడే కనిపించగా, 1934 నాటికి అవి 150కి పెరిగాయి. అంటే ఈ భేదం పాతబడి అంతరించిపోతున్న అవశేషం కాదు, నానాటికీ కొత్త పదాలను చేర్చుకుంటున్న సజీవ ప్రక్రియ.

ఉప్పల్‌కు బాగా తెలిసిన ఒక మాటతో దీన్ని దగ్గరగా పరిశీలించవచ్చు. భారత సర్వేక్షణ సంస్థకు ఉప్పల్ రోడ్డు మీద విశాలమైన శిక్షణ ఆవరణ ఉంది, ఆ చుట్టుపక్కల జనం ‘సర్వే ఆఫ్ ఇండియా’ అనే గుర్తుతోనే దారి చెప్పుకుంటారు. ‘సర్వే’ ఇంగ్లీషులో నామవాచకమైనప్పుడు ఊనిక తొలి అక్షరం మీద, భూమిని కొలవడమనే క్రియ అయినప్పుడు మలి అక్షరం మీద ఉంటుంది. తెలుగులో ‘సర్వే నంబరు’ అన్నా, ‘సర్వే చేశారు’ అన్నా మాట ఒక్కటే. పైగా రెండో అక్షరంలోని దీర్ఘ ఏకారం సహజంగానే బలాన్ని తనవైపు లాక్కుంటుంది. ‘రికార్డు’లోని దీర్ఘ ఆకారమూ ఇదే పని చేస్తుంది. అందుచేత తెలుగు వక్త నామవాచకాన్ని ఉద్దేశించి పలికిన మాట ఇంగ్లీషు శ్రోతకు క్రియలా వినిపిస్తుంది. కేంద్ర ఆంగ్ల సంస్థలోని ధ్వనిశాస్త్ర విభాగం, భాషా ప్రయోగశాల, అంటే విద్యార్థి టేపులో విన్న మాటను అనుకరించి తన గొంతును తానే తిరిగి వినే గది, ఇటువంటి జంటలను పదేపదే అభ్యాసం చేయించాయి. బన్సల్, హారిసన్‌లు కలిసి రాసిన మౌఖిక ఇంగ్లీషు పుస్తకం 1972లో వెలువడి, ఈ పాఠాలను శిక్షణ కళాశాలలకు చేర్చింది. బోధనను కంటి నుంచి చెవికి మళ్లించిన ఈ ప్రయత్నం ఎంతో విలువైనది, కాని అది ఉపాధ్యాయ శిక్షణను దాటి మామూలు పాఠశాల తరగతి గదిలోకి వెళ్లినంత మేర స్వల్పమనే చెప్పాలి.

అదే కాలంలో ఈ రహదారి వెంట ప్రయోగశాలలూ, కర్మాగారాలూ వెలిశాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలుగా ఎదిగాయి. కర్మాగారానికి ఇంగ్లీషుతో అన్నిటికంటే ముందు పడే పని లైసెన్సు. 1948 నాటి కర్మాగారాల చట్టమూ, మందుల దుకాణాలకు వర్తించే నిబంధనలూ, వాహన చట్టమూ బ్రిటిష్ రచనా సంప్రదాయాన్నే పాటిస్తాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో డ్రైవర్లకు సంబంధించిన అధ్యాయం శీర్షికలో ‘లైసెన్సింగ్’ అనే మాట ఎస్ అక్షరంతో ఉంటుంది, ఎందుకంటే అది క్రియ నుంచి పుట్టింది. కింది సెక్షన్లలో ‘డ్రైవింగ్ లైసెన్స్’ సి అక్షరంతో ఉంటుంది, ఎందుకంటే అది నామవాచకం. జారీ చేసే అధికారి పదవి పేరులో ఎస్, ఆయన జారీ చేసే పత్రం పేరులో సి. మందుల దుకాణంలో లైసెన్సును జనానికి కనిపించేచోట ప్రదర్శించాలన్నది నిబంధన, అందువల్ల నాచారంలోని ఏ మందుల షాపు గోడ మీదనైనా చట్రంలో బిగించిన ఆ పత్రంలో సి అక్షరంతో కూడిన నామవాచకాన్ని చూడవచ్చు. న్యాయవాదుల విషయంలోనూ ఇంతే. 1961 నాటి అడ్వకేట్ల చట్టం వకీలుకు ‘ప్రాక్టీస్’ చేసే హక్కునిస్తూ ఆ క్రియను ఎస్ అక్షరంతో రాస్తుంది. ఆయనకు బాగా ‘ప్రాక్టీస్’ ఉందని లోకం అన్నప్పుడు, రాతలో దానికి సి కావాలి.

‘ఎఫెక్ట్’ కథ వేరు. ప్రభావమనే నామవాచకం ఇంగ్లీషులో ‘ఇ’ అక్షరంతోనూ, ప్రభావం చూపడమనే క్రియ ‘ఎ’ అక్షరంతోనూ మొదలవుతాయని వ్యాకరణ పుస్తకాలు చెప్పి ఊరుకుంటాయి. అయితే ‘ఇ’ అక్షరంతోనే మొదలయ్యే క్రియ ఒకటుంది, దాని అర్థం అమలుపరచడం, సాధించడం. బదిలీల ఉత్తర్వుల్లో తరచుగా కనిపించేది ఇదే. కాబట్టి నియమాన్ని వల్లెవేసిన గుమాస్తా సరైన ఉత్తర్వును తప్పుగా దిద్దే ప్రమాదం ఉంది. సగం చెప్పిన నియమం కంటే, ఉత్తర్వులోని వాక్యాన్నే చూపించి చెప్పడం మేలు.

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు సేవా విభాగంగా 1997లో మొదలై, 2005లో జెన్‌ప్యాక్ట్ అనే పేరు తీసుకున్న కంపెనీ హబ్సిగూడ–ఉప్పల్ మధ్య ఆవరణను నెలకొల్పుకోవడంతో, ఈ ప్రాంతపు ఇంగ్లీషు చరిత్రలో మరో దశ వచ్చింది. విదేశీ ఖాతాదారులకు చేసిపెట్టే ఇటువంటి పనుల్లో ఎక్కువ భాగం అమెరికన్లతోనే కాబట్టి, అక్కడ రెండు అర్థాల్లోనూ ఎస్ అక్షరపు ‘లైసెన్స్’ ఒప్పు. అదే రోడ్డు మీది కర్మాగారం ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తులో సి అక్షరం ఒప్పు. ఇంట్లో అన్న పారిశ్రామికవాడలోనూ, చెల్లెలు ఆ కార్యాలయంలోనూ పనిచేస్తుంటే, ఒకే పదాన్ని ఇద్దరూ రెండు తీర్లుగా రాయవలసి ఉంటుంది, ఇద్దరిదీ సరైనదే అవుతుంది.

కార్యాలయపు ఉత్తరాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఎత్తిచూపే పొరపాటు, ‘దయచేసి సలహా ఇవ్వండి’ అనే అర్థంలో ఉత్తరం చివర రాసే రెండు మాటల వాక్యంలో క్రియకు బదులు సి అక్షరపు నామవాచకం రాయడం. రాసేవారికి ఇది అభ్యర్థన, అంటే వాక్యంలో క్రియ తప్పనిసరి. తెలుగు ఆలోచనలో ఆ క్రియ ‘ఇవ్వండి’ అన్న మాటలో ఉండిపోగా, ఇంగ్లీషులోకి ‘సలహా’ ఒక్కటే దిగింది. ‘అడ్వైస్’ను బహువచనంలో వాడటమూ ఇటువంటి మరో పొరపాటుగా లెక్కకు వస్తుంది, ఎందుకంటే సలహా అనే అర్థంలో ఈ పదాన్ని ఇంగ్లీషు లెక్కించదు. ఇక్కడ మాత్రం కొంత నిదానం అవసరం. వర్తక వ్యవహారంలో ఈ పదానికి సమాచారం, తెలియజేత అనే పాత అర్థం ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలపు ఉత్తరప్రత్యుత్తరాల్లో రేవు పట్టణాల నుంచి వచ్చే వర్తమానాలకు ఈ పదాన్ని బహువచనంలోనే వాడేవారు. బ్యాంకుల్లోని ‘డెబిట్ అడ్వైస్’, ‘పేమెంట్ అడ్వైస్’ ఆ అర్థానికి వారసులు, వాటిని లెక్కించడంలో తప్పేమీ లేదు. ఖజానాలోనో బ్యాంకులోనో దశాబ్దాలు పనిచేసి రిటైరైన ఉద్యోగి బహువచనం రాస్తే దాన్ని వెంటనే ఎర్రసిరాతో కొట్టివేయడం న్యాయం కాదు; అది ఏ అర్థంలో వచ్చిందో చూడాలి.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యా సంవత్సరం నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించినప్పుడు, ఒకే పాఠం ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లోనూ ఉండే ద్విభాషా పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. మాతృభాషను తరగతి నుంచి వెలివేసిన పాత పద్ధతి వల్ల చేజారిన అవకాశం ఈ పుస్తకాలతో తిరిగి దొరికింది. ‘శ్వాస’, ‘శ్వాసించు’ అనే జంటలో ‘ఇంచు’ ప్రత్యయం నామవాచకాన్ని క్రియగా మారుస్తున్నదని తెలుగు పిల్లవాడికి వేరే చెప్పనక్కరలేదు. ‘బ్రెత్’, ‘బ్రీద్’ అనే జంటలో ఆ పనిని అచ్చు సాగడమూ, చివరి హల్లు మెత్తబడటమూ, రాతలో ఒక ‘ఇ’ చేరడమూ మూడూ కలిసి చేస్తున్నాయని ఎదుటి పేజీ మీద వేలు పెట్టి చూపించవచ్చు. ‘ఊహ–ఊహించు’, ‘ఆట–ఆడు’, ‘రాత–రాయు’ వంటి జంటలతో మొదలుపెట్టి ‘ప్రూఫ్–ప్రూవ్’, ‘లాస్–లూజ్’ వంటి చెవికి తేడా తెలిసే జంటలకు వచ్చి, చెవికి తేడా తెలియని ‘లైసెన్స్’, ‘ప్రాక్టీస్’లను ఆఖరున, కేవలం రాతకు సంబంధించిన విషయంగా చెప్పడం సరైన క్రమం. వ్యాకరణ పుస్తకాలు ఈ రెండు రకాల ఇంగ్లీషు జంటలనూ అక్షరక్రమంలో ఒకే పట్టికలో కలిపివేయడం వల్ల, చెవితో తేల్చుకోగలిగిన జంటలను కూడా పిల్లలు కంఠస్థం చేయవలసి వస్తున్నది.